ట్యాంకు దించిన పూట

"చక్రాలకు దిమ్మెలు?" అని బండి కింద నుంచి కేకేశాను. కేకేశాననే అనుకున్నాను గానీ గొంతులోంచి వచ్చింది మాత్రం మంచం కింద దూరిన పిల్లి మూలుగు. "ఏంటీ? పొద్దున ఏమీ తినలేదా నువ్వు? గట్టిగా అడుగు" అంది వదిన పైనుంచి. మళ్లీ అడిగాను. ఆమె చెప్పులు కదిలాయి, ముందు చక్రం దగ్గర ఆగాయి, కొయ్యదిమ్మెను కాలితో ఒక్క తన్ను తన్నాయి, అక్కణ్ణుంచి రెండో చక్రానికి, మూడోదానికి, నాలుగోదానికి, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి "నాలుగూ ఉన్నాయి, తన్ని చూశా" అంది. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. ముఖానికి మూరెడు పక్కగా పికప్ బండి పెట్రోలు ట్యాంకు, మట్టి కొట్టుకుపోయి, నిండు చూలాలి పొట్టలా వేలాడుతోంది. దాని అతుకు దగ్గర తడిగా ఒక మెరుపు, చుక్కగా తయారవుతూ, పడనా మాననా అని తేల్చుకోలేకుండా ఉంది. నా సంగతీ అంతే. ఏడాదిన్నర తర్వాత ట్యాంకు పక్కకు దూరడం ఇదే మొదలు. ఇది దించగలిగితే నేనింకా మెకానిక్కునే. దించలేకపోతే సోమవారం నుంచి గోడౌను గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక విజిలు, వచ్చే లారీకి గొలుసు దించడం, పోయే లారీకి గొలుసు ఎత్తడం. ఆ గోడౌను మేనేజరుకు మాట కూడా ఇచ్చేశాను, వదినకు చెప్పకుండా.

"బ్యాటరీ?" "నల్లతీగ నువ్వే ఊడదీశావు, గుడ్డ చుట్టి ఉంది, ముట్టుకున్నా." "తాళంచెవి?" "నా బొడ్లో ఉంది. అది మాత్రం చూపించను, నమ్ము." నవ్వు రావలసిన చోటు, పెదవి ఒక పక్కకే కదిలింది. ఇలా అడగడం, ఇలా జవాబు చెప్పడం మా షెడ్డు పద్ధతి, అన్నయ్యకూ నాకూ పని నేర్పిన మేస్త్రీ పెట్టిపోయింది. కింద పడుకున్నవాడికి వాడి ముక్కు తప్ప ఏమీ కనబడదురా, పైనున్న మనిషే వాడి కళ్లు, అనేవాడు. కింద ఉన్నవాడు ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి, పైన ఉన్నవాళ్లు నడిచి వెళ్లి, కంటితో చూసి, చేత్తోనో కాలితోనో తాకి, అప్పుడు నోరు తెరవాలి. కూర్చున్న చోటి నుంచి జవాబు చెప్పామా, స్పానరు వచ్చేది గాల్లో. తగలకుండా విసరడం ఆయన ఒక్కడికే తెలిసిన విద్య. ఆ మహానుభావుడికి ఏ రోజూ దణ్ణం పెట్టలేదు నేను, బతికుండగా ముసలి నస అనుకున్నాను, ఇప్పుడు ఇక్కడ, వీపు కింద గోనెపట్టా గుచ్చుకుంటుంటే, ఆయన నస ఒక్కొక్క ముక్కా గుర్తొస్తోంది. ట్యాంకు పనికి బండిని షెడ్డులో పెట్టకు, గొయ్యి మీద అసలే పెట్టకు, ఆవిరి బరువురా, పాములా నేలకు పాకి గుంటలో చుట్ట చుట్టుకుంటుంది, ఆరుబయట పెట్టు. బల్బు లాంతరు వద్దు, పగటి వెలుతురు చాలు. నోటితో పీల్చకు, చేతి పంపు ఉంది, రవ్వ పుట్టకుండా డబ్బాకూ బండికీ మధ్య తీగ కట్టు. అన్నీ చేశాం. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి ఇంజను ఊపిరాడక దానంతటది చచ్చేదాకా తిప్పాం, గొట్టాల్లో ఒత్తిడి పోయేదాకా. చల్లారేదాకా ఆగాం. ఉన్న పెట్రోలు ఇనప డబ్బాల్లోకి తోడి దూరంగా గోడ నీడన పెట్టాం. నా తల దగ్గర ఇసుక బకెట్టు, వదిన చేతికి అందేంత దూరంలో మంటలార్పే ఎర్ర సిలిండరు. ఇవాళ ఆమె నూలు చీర కట్టుకొచ్చింది. రోజూ కట్టేది జారుడు బట్ట, ఉతకడం తేలికని. రాపిడికి ఒంట్లో కరెంటు పుట్టని చీర వెతికి కట్టుకొచ్చిందంటే రాత్రి నిద్రపోలేదన్నమాట, నాలాగే. 

వీధి అవతల ఐసాయన దగ్గాడు. బండి ఆయనదే. పొద్దున్నే ఫ్యాక్టరీలో మంచుగడ్డలు ఎక్కించుకుని చేపల దుకాణాలకు వేసే మనిషి. ఆయన్నీ, ఆయన సిగరెట్టునూ, ముగ్గురి ఫోన్లనూ కలిపి వదిన రోడ్డు దాటించింది. "టైరమ్మక్కా, ఇక్కణ్ణుంచి తుమ్మొచ్చా?" అని అరిచాడు. "తుమ్ము, దగ్గు, డాన్సు చెయ్యి. అగ్గిపుల్ల తీశావంటే మాత్రం నీ మంచు నీళ్లలో నిన్నే ముంచుతా." ఆరేళ్ల కింద అన్నయ్య చనిపోయి నెల తిరక్కముందే ఆమె వచ్చి పంక్చర్ల తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుంది, అప్పటి నుంచీ అందరికీ టైరమ్మ. ట్యాంకు కారుతోందని ఐసాయన నాలుగు రోజుల కింద వచ్చాడు. అతుకు వెయ్యను, కొత్తది తెచ్చుకో అన్నాను. తెచ్చాడు. ఎవరిచేతైనా బిగించుకో అన్నాను, ఇంకా మూడు షెడ్లున్నాయి గదా ఈ రోడ్డులో. "ఉన్నాయి. కానీ ఈ బండికి నువ్వే తెలుసు" అన్నాడు. అదేం మాట, ఎద్దా అది, మనుషుల్ని గుర్తుపట్టడానికి, అనుకున్నాను గానీ, ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఏడాదిన్నర కింద చెయ్యి కాలిన రోజు దీని వీపు మీదే గదా నన్ను ఆసుపత్రికి మోసుకెళ్లింది. గోనెసంచుల మీద పడుకోబెట్టారు, కుదుపుకొకసారి మంచు కరిగిన నీళ్లు చేతి మీదికి వచ్చి పోయేవి, వదిన దోసిళ్లతో పోస్తూనే ఉంది, దారంతా, ఆపకుండా. గడ్డ పెట్టనా అని ఐసాయన అరిచాడు, వద్దు నీళ్లే అని ఆమె అరిచింది. ఆమెకెవరు చెప్పారో. తర్వాత నర్సమ్మ అంది, మంచు అంటించి ఉంటే చర్మం ఇంకా పోయేది, ఆ నీళ్లు పోసిన వాళ్ల చేతులు చల్లగుండాలి అని. చల్లగానే ఉన్నాయి మరి, మంచు నీళ్లాయె.

ఆ రోజు ట్యాంకు ఒక ముసలి జీపుది. దించేసి రెండు రోజులయింది, చుక్క లేదు లోపల. అతుకు వెయ్యాలి, మంట చిమ్మే బ్లోలాంపు వెలిగించాను. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు చెడ్డది, ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు, తెలిసి కూడా ఖాళీ అనగానే గుండె నిబ్బరమైపోతుంది, ఏమీ లేనిదాంట్లో ఏముంటుందిలే అని. ఉండేది ఆవిరి. అందుకే నిప్పు దగ్గరికి తెచ్చేముందు అంచుదాకా నీళ్లు నింపాలి, ఆవిరిని తరిమెయ్యాలి. నీళ్లు పట్టడం వదిన పని, పైపు ఆమె తొట్టి దగ్గరే ఉంటుంది. "నీళ్లు?" అని కేకేశాను. అప్పుడే ఐసాయన పంక్చరుతో వచ్చి నిలబడి ఉన్నాడు, ఆమె ట్యూబును తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తోంది, తలెత్తకుండానే "పట్టా" అంది. నేను వేలి కణుపుతో ట్యాంకును కొట్టాను. వేలితో కొట్టి ఎన్ని లీటర్లుందో చెప్పేవాణ్ణి నేను, పందెం కాసి గెలిచేవాణ్ణి. కొట్టాను, అది మోగింది, మోగిందా, సరే, ఆ మోత గురించి ఇప్పుడెందుకు, తర్వాత తెల్లటి చప్పుడు, చప్పుడుకు రంగుంటుందని అప్పుడే తెలిసింది. తర్వాత ఇసుక, ముఖమంతా ఇసుక, తడి గోనె, నా మీద దొర్లుతున్న వదిన బరువు, ఆమె తిట్లు. నన్ను తిట్టింది, నిప్పును తిట్టింది, చచ్చిపోయిన అన్నయ్యను కూడా తిట్టింది. నన్ను బండెక్కించేటప్పుడు తల ఒక పక్కకు వాలింది, ఆ పక్కన పైపు కనబడింది. చుట్ట చుట్టి పెట్టినది పెట్టినట్టే ఉంది. దాని మూతి పొడిగా, దుమ్ముతో ఉంది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఎలా జరిగిందని అడిగిన వాళ్లందరికీ నా పొరపాటే అన్నాను. అది అబద్ధమూ కాదు.

"మరిదీ, నిద్రపోయావా?" "లేదు. జాకీ?" "చెక్కపలక కింద సరిగ్గా నడుమ ఉంది. ఎత్తనా?" "ఎత్తు, ట్యాంకును ముద్దు పెట్టుకునేదాకా ఎత్తి ఆపు." "మీ అన్నయ్య కూడా ఇంత వివరంగా చెప్పలేదెప్పుడూ" అంటూ ఆమె జాకీ తిప్పింది, చెక్కపలక పైకొచ్చి ట్యాంకు అడుగును తాకి ఆగింది. పెట్రోలు పోసే మూతి దగ్గరి లావు గొట్టం ఊడదీశాను, గాలి గొట్టం ఊడదీశాను, రెండు మూతుల్లోనూ గుడ్డ కుక్కాను. ఎడమ చెయ్యి బాగానే నేర్చుకుంది. నేర్పింది నర్సమ్మ, నలభై రోజులు, కట్టు విప్పేటప్పుడల్లా నేను పళ్లు కొరుకుతుంటే "అరవండి, ఇది లైబ్రరీ కాదు" అనేది. కట్టు పోయాక తడిమట్టి ముద్ద కాలిన కుడిచేతిలో పెట్టి పిసకమంది, పిసికి పిసికి దాని నిండా నా వేళ్ల అచ్చులు, బొటనవేలిది తప్ప. మా ఆవిడ ఆ నలభై రోజులూ అన్నం కలిపి పెట్టింది, ముద్ద పెద్దదిగా ఉందని ఒకసారి అలిగాను, యాభై ఏళ్ల మనిషిని, అలిగితే నవ్వి, ముద్దను రెండు చేసి పెట్టింది. ఎదురు దుకాణం కుట్టుమిషనాయన నా చొక్కాలకు గుండీలు పీకేసి చటుక్కున అంటుకునే పట్టీలు కుట్టి ఇచ్చాడు, నేను అడగలేదు, ఆయనా ఎందుకో చెప్పలేదు. ఒక మనిషి ఒక చొక్కా తొడుక్కోవడానికి ఇంతమంది కావాలా? కావాలి కాబోలు. ఇన్నాళ్లూ లెక్కలోకి రాలేదంతే, చెయ్యి బాగున్నన్నాళ్లూ నేనొక్కణ్ణే తొడుక్కుంటున్నాననుకున్నాను.

"పట్టీలు వదులు చేస్తున్నా" అన్నాను. "చెయ్యి" అంది, గొంతు మారింది. రెండు ఇనప పట్టీలు ట్యాంకును కడుపు కింద నుంచి పట్టుకుని ఉంటాయి, వాటి బోల్టులు తుప్పు, ముందురోజే నూనె పోసి నానబెట్టాను, మూలిగి తిరిగాయి. ట్యాంకు పలక మీద కూర్చుంది. "నాలుగంగుళాలు దించు. నాలుగే." జాకీ నిదానంగా దిగింది. ఇక మిగిలింది ట్యాంకు నెత్తి మీద రెండే పనులు, కనబడనివి, చెయ్యి దూర్చి తడిమి చెయ్యవలసినవి. ముందు బండి అడుగు చట్రాన్ని, ఛాసిస్ ఇనుమును, అరచేత్తో తాకాను, ఒంట్లో కరెంటు ఏమన్నా ఉంటే దిగిపోనీ అని, తర్వాత ఎడమచెయ్యి పైకి పోనిచ్చి తీగల ప్లగ్గు లాగాను, వచ్చేసింది. పెట్రోలు గొట్టం క్లిప్పు ఇంకొంచెం లోపలుంది. ఎడమచేతికి ఛాసిస్ దూలం అడ్డం. కుడిచెయ్యి పోతుంది. పోనిచ్చాను. క్లిప్పు తగిలింది, చిన్నది, దానికి రెండు చెవులుంటాయి, రెండు వైపుల నుంచీ ఒకేసారి నొక్కాలి, బొటనవేలూ చూపుడువేలూ. నా బొటనవేలు చూపుడువేలి ఎదుటికి రాదు, మధ్యలో చర్మం బిగుసుకుపోయి ఉంది. నాకు తెలుసు ఆ సంగతి. తెలిసే పోనిచ్చాను, ఆ ఒక్క క్షణానికి వస్తుందేమో అని. రాలేదు. పైగా గొట్టంలో మిగిలిన పెట్రోలు కొంచెం జారి మణికట్టు మీదికి, మచ్చ మీదికి వచ్చింది, చల్లగా, మెత్తగా, ఆ వాసన ముక్కులో నుంచి నేరుగా ఆ రోజులోకి తీసుకుపోయింది, తెల్లటి చప్పుడు, ఇసుక, చెయ్యి వెనక్కి తీసుకోవాలి, తీసుకోలేను, ముందుకు పోదు, అది నా చెయ్యి కాదు, ట్యాంకు నెత్తిన ఎవరో మరిచిపోయిన వస్తువు. పైనుంచి వదిన "క్లిప్పు?" అంది. కింద ఉన్నవాడు అడగాలి గానీ పైనున్న వాళ్లు అడగకూడదు, పద్ధతి తప్పింది. కుర్చీ బాగుంటుంది, గేటు దగ్గర వేపచెట్టో ఏదో ఉంది, నీడ బాగుంటుంది, గొలుసు దించడానికి ఒక్క చెయ్యి చాలు.

చెప్పులు విడిచిన చప్పుడు. మోకాలు కీలు టప్పుమంది, ఇంకో మోకాలు, "అబ్బా" అని ఒక నిట్టూర్పు, చూస్తే వెనక చక్రం వైపు నుంచి వదిన నేల మీద పక్కవాటుగా పడుకుని బండి కిందికి పాకుతోంది, యాభై ఎనిమిదేళ్ల మనిషి, జానెడు జానెడు. ఆరేళ్లలో ఒక్కనాడూ బండి కిందికి రాలేదామె. ఛాసిస్‌ను చేత్తో తాకింది, అది మరిచిపోలేదు. ట్యాంకుకు అటు ఆమె ముఖం, ఇటు నాది, ముక్కుల మధ్య రెండడుగులు.

"మరిదీ."

"ఊఁ."

"ఆ రోజు నేను నీళ్లు పట్టలేదు. అడిగావు, పట్టానన్నా. పట్టలేదు. పంక్చరు అయ్యాక పడదాంలే అనుకున్నా. నోరు దానంతటదే అనేసింది."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. చుక్క పలక మీద పడింది.

"తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"పైపు మూతి పొడిగా ఉంది. బండెక్కించేటప్పుడు చూశా."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అప్పటి నుంచీ తెలుసా? తెలిసి ఏడాదిన్నర నా చేతి టీ తాగుతున్నావా?"

"బాగుంటుంది గదా."

"నీ మొహం. చక్కెర పాకమని రోజూ తిడతావు." ఆమె ఏడుస్తోంది, పక్కకు పడుకుని ఉండడం వల్ల నీళ్లు ముక్కు మీద నుంచి అడ్డంగా పోతున్నాయి. "ఎందుకు చెప్పలేదు? ఒక్కసారి తిట్టి ఉంటే నేను నిద్రపోయేదాన్ని కదరా."

ఎందుకు చెప్పలేదు. చెప్తే రెండోది కూడా చెప్పాలి గనక. "వదినా, నేను ట్యాంకు కొట్టి చూశాను. నీళ్లు నిండి ఉంటే బొంగురుగా పలుకుతుంది. అది గంటలా మోగింది. నా వేలికి తెలిసిపోయింది, నువ్వు పట్టలేదని. కానీ లాంపు వెలిగించేశాను, మళ్లీ ఆర్పి, లేచి, నీ దాకా వచ్చి అడగడానికి... బద్ధకం. బద్ధకం ఒక పక్క, ఇంకో పక్క ఏంటంటే, ఐసాయన ముందర నిన్ను అబద్ధమాడావని అనడం ఎందుకులే అని. అంతే. ఎవరికీ చెప్పలేదు ఇది."

ఆమె మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "అంటే ఇద్దరం కలిసి తగలబెట్టాం నిన్ను" అంది.

"ఆర్పింది మాత్రం నువ్వొక్కదానివే."

ఇది చెప్పాలని ఏడాదిన్నరగా ఉంది, రోజూ పొద్దున షెడ్డు తలుపు తీసేటప్పుడు అనుకునేవాణ్ణి, థాంక్స్ అనే మాట వదినతో ఎలా అంటారు, పెళ్లిచూపుల్లో లాగా ఉంటుంది, అనుకుని మింగేసేవాణ్ణి. బండి కింద పడుకుంటే వచ్చేసింది. ఆమె మూతి తిప్పింది. "సరేలే. ఏడుపు తర్వాత. ఏది నొక్కాలి?" "రెండు చెవులుంటాయి. ఒకటి నా వేలి కింద ఉంది. రెండోది నీ వైపు." ఆమె చెయ్యి ట్యాంకు నెత్తి మీదుగా వచ్చింది, రబ్బరు వాసన వేసే, ట్యూబులు లాగి లాగి గట్టిపడిన వేళ్లు, నా వేలిని తడిమాయి, మచ్చ మీద ఒక్క క్షణం ఆగాయి, మా ఆవిడా నర్సమ్మా తప్ప దాన్ని ఎవరూ తాకలేదు ఇప్పటిదాకా, అక్కణ్ణుంచి జరిగి క్లిప్పు దొరికించుకున్నాయి. "ఇదా?" "అదే. నేను అన్నప్పుడు నొక్కు. ఇప్పుడు." టిక్కుమంది. అంత చిన్న చప్పుడు. గొట్టం జారి వచ్చింది, చివరికి గుడ్డ చుట్టాను, మూతికి బిరడా పెట్టాను.

ఆమె అటు నుంచి, నేను ఇటు నుంచి బయటపడ్డాకే జాకీ దించాలి, ట్యాంకు బరువు కదిలేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు. నేను బయటపడ్డాను. ఆమె పడలేదు. "మోకాలు పట్టేసింది. నవ్వావంటే చంపుతా. లాగు." వంగి చెయ్యిచ్చాను. పట్టుకుని ఒక్క ఊపు ఊగింది, ఆమె బరువంతా, తక్కువేం కాదు, టైరు రిమ్ములు ఒంటిచేత్తో ఎత్తే మనిషి, లేచి నిలబడి చీర దులుపుకుంటూ అలాగే ఆగిపోయింది. నేనూ చూశాను. ఇచ్చింది కుడిచెయ్యి. ఏమీ ఆలోచించకుండా ఇచ్చేశాను. ఎముకలదాకా నొప్పి, కానీ జారలేదు. ఆమె నా చేతిని తన కొంగుతో తుడిచి, పెట్రోలు పోయేదాకా సబ్బు పెట్టి కడుక్కో అని తోసింది, కడుక్కుని వచ్చాను. జాకీ నేను దించాను. ట్యాంకు నేలకు ఆనింది. చెరో పక్క పట్టుకుని ఆరుబయట గోడవారకు మోసుకుపోయి పెట్టాం.

ఐసాయన అటునుంచి "రావచ్చా?" అని అరిచాడు. "ఉండు, నేనే వస్తున్నా" అని రోడ్డు దాటాను. నా ఫోను ఆయన జేబులో ఉంది, తీసుకున్నాను, గోడౌను మేనేజరు నంబరు నొక్కాను. రెండు రింగులకే ఎత్తాడు. సోమవారం రాలేనండీ, కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఏమయింది, ఉన్నట్టుండి, ఏం పని పడింది మీకు, అన్నాడు. వీధికి అటు పక్క వదిన పట్టేసిన మోకాలితో కుంటుకుంటూ కొత్త ట్యాంకు అట్టపెట్టె చింపుతోంది, చేత్తో రాకపోతే పళ్లతో.

"ట్యాంకు దించామండీ" అన్నాను. "కొత్తది ఎక్కించాలి."